ఒంటికి కట్టుకునే ఈఎంజీ రికార్డర్: చర్మం దగ్గర మొదలుపెట్టి ఎంచుకుందాం

నడుస్తూ, మెట్లెక్కుతూ, బరువులు ఎత్తుతూ ఉండగానే కండరాల విద్యుత్ సంకేతాలను (ఈఎంజీ, అంటే ఎలక్ట్రోమయోగ్రఫీ) నమోదు చేసే చిన్న పరికరం తయారు చేద్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ చిప్ వాడమంటారు?" చిప్ సంగతి తప్పకుండా మాట్లాడుకుందాం. అంతకంటే ముందు నేను ఒకటి అడుగుతాను. రికార్డింగ్ చేతికొచ్చాక దాన్ని చూసి మీరు ఏం తెలుసుకోవాలి? కండరం ఎప్పుడు బిగుసుకుంది, ఎప్పుడు వదులైంది అన్నదా? ఎంత గట్టిగా పనిచేసింది అన్నదా? పని సాగేకొద్దీ ఎలా అలసిపోయింది అన్నదా? ఈ మూడు ప్రశ్నలకు కావలసిన పరికరాలు ఒకటి కావు. ఇది తేల్చుకోకుండా విడిభాగాలు కొన్నవాళ్ళు, ఆర్నెల్ల తర్వాత బోర్డు మళ్ళీ మొదటి నుంచి గీసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఎంపికలోకి దిగే ముందు సిగ్నల్ ఎలా ఉంటుందో గుర్తు పెట్టుకోవాలి. చర్మం మీద దొరికే ఈఎంజీ చాలా చిన్నది. కండరం కాస్త కదిలితే పదుల మైక్రోవోల్టులు, శక్తికొద్దీ బిగిస్తే కొన్ని మిల్లీవోల్టులు. దాదాపు మొత్తం 20 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అందులో బలమైన భాగం 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్య. మెయిన్స్ కరెంటు నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ హమ్ సరిగ్గా ఈ బలమైన చోటే వచ్చి కూర్చుంటుంది. అందుకే హమ్‌ను నాచ్ ఫిల్టర్‌తో (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే కోసే ఫిల్టర్) కోసేద్దాం అన్న ఆలోచన నాకు నచ్చదు. హమ్‌తో పాటు అసలు సిగ్నల్ కూడా తెగిపోతుంది. హమ్ లోపలికి రాకుండా ఆపాలి. ఆపే చోటు చర్మం. అందుకే ఈ వ్యాసమంతటా నేను ఒకే మాట మీద నిలబడతాను: డబ్బు, శ్రమ, ఓపిక, ఏవి ఉన్నా ముందు చర్మం నుంచి మొదటి రెండు అంగుళాల్లో ఖర్చు పెట్టండి.

ముడి సిగ్నలా, ఎన్వలప్పా?

మయోవేర్ లాంటి రెడీమేడ్ సెన్సర్ బోర్డులు ముడి సిగ్నల్‌తో పాటు, దాన్ని ఒకవైపుకు తిప్పి నునుపు చేసిన ఎన్వలప్‌ను కూడా ఇస్తాయి. ఎన్వలప్ నిదానంగా మారుతుంది కాబట్టి సెకనుకు 50 శాంపిళ్ళు తీసుకున్నా చాలు. చిన్న మైక్రోకంట్రోలర్, చిన్న బ్యాటరీ, చిన్న ఫైలు. పిడికిలి బిగిస్తే మోటారు తిరగాలి, కండరం బిగుసుకుందో లేదో రోగికి తెరమీద కనపడాలి అన్నంతవరకే మీ అవసరమైతే ఎన్వలప్ తీసుకోండి, వెనకాడకండి.

కానీ ఎన్వలప్‌లోంచి వెనక్కి వెళ్ళే దారి లేదు. వైరు కదిలినప్పుడు వచ్చిన ఉబ్బు, హమ్ వల్ల వచ్చిన ఉబ్బు, కండరం వల్ల వచ్చిన ఉబ్బు, మూడూ ఒకేలా కనిపిస్తాయి. అలసటను చూడాలంటే అసలు కుదరదు. కండరం అలసిపోయేకొద్దీ నారల వెంట సంకేతం ప్రయాణించే వేగం తగ్గి, సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు జారుతుంది. ఆ జారుడును మీడియన్ ఫ్రీక్వెన్సీతో, అంటే సిగ్నల్ శక్తిని సరిగ్గా సగానికి విడగొట్టే ఫ్రీక్వెన్సీతో కొలుస్తారు. దానికి ముడి సిగ్నల్ ఉండి తీరాలి.

ఎంత శాంప్లింగ్ కావాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 500 హెర్ట్జ్ వరకు పట్టుకోవాలంటే సెకనుకు 1000 కనీసం, 2000 అయితే నిశ్చింత. దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ ఉంది. థాల్మిక్ ల్యాబ్స్ అమ్మిన మయో ఆర్మ్‌బ్యాండ్ ముంజేతికి చుట్టూ 8 ఛానెళ్ళతో, పొడి లోహపు ఎలక్ట్రోడ్లతో, సెకనుకు 200 శాంపిళ్ళు, 8 బిట్లతోనే పనిచేసేది. సిగ్నల్‌ను పూర్తిగా పట్టుకోవడానికి ఇది ఏ మూలకూ చాలదు. అయినా చేతి సైగలను గుర్తుపట్టేది. ఎందుకంటే దానికి కావలసింది తరంగం రూపం కాదు, ఏ వైపు కండరం ఎంత బిగుసుకుందన్న పోలిక మాత్రమే. అదే బ్యాండ్‌తో అలసటను కొలవబోతే తప్పు లెక్కలే వస్తాయి. పరికరం మంచిదా కాదా అన్న ప్రశ్నకు, దేనికి అన్న మాట చేరకపోతే అర్థం లేదు.

ఎలక్ట్రోడ్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే చాలా ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే.

వెండి, వెండి క్లోరైడ్ పూతతో జెల్ ఉండే అతికించుకునే ప్యాచ్ అన్నిటికంటే నమ్మకమైనది. వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి అతికిస్తే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్తుకు ఉండే అడ్డు (ఇంపీడెన్స్) పది కిలోఓమ్‌ల లోపుకు తేవచ్చు. లోహం, జెల్ కలిసే చోట పుట్టే డీసీ వోల్టేజ్ కూడా దీనితో స్థిరంగా ఉంటుంది. ఒక గంటా రెండు గంటల రికార్డింగ్‌కు దీన్ని మించింది లేదు. రోజంతా అంటే జెల్ ఎండుతుంది, చర్మం దురద పెడుతుంది, చెమటకు అంచులు లేస్తాయి. రోజూ వాడాలంటే రోజూ కొత్త ప్యాచ్‌లు కావాలి.

పొడి లోహపు బిళ్ళలకు ఈ బాధ లేదు. బ్యాండ్ తొడుక్కుంటే చాలు. దానికి బదులుగా అడ్డు వందల కిలోఓమ్‌లకు, కొన్నిసార్లు మెగాఓమ్‌కు పోతుంది. 10 కిలోఓమ్‌ల అడ్డు 500 హెర్ట్జ్ బ్యాండ్‌లో పుట్టించే ఉష్ణ నాయిస్ సుమారు 0.3 మైక్రోవోల్ట్. ఒక మెగాఓమ్ అయితే సుమారు 3. ఈ నాయిస్‌తోనే అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు రెండు బిళ్ళల అడ్డూ సమానంగా లేకపోవడం. ఒకటి 200 కిలోఓమ్‌లు, రెండోది 600 అయితే, రెండింటికీ సమానంగా రావలసిన హమ్ అసమానంగా వచ్చి, ఆంప్లిఫైయర్‌కు అది అసలు సిగ్నల్‌లాగే కనిపిస్తుంది. ఆంప్లిఫైయర్ ఎంత గొప్పదైనా ఈ తేడాను కనిపెట్టలేదు. పొడి ఎలక్ట్రోడ్లు వాడాలని తీర్మానించుకుంటే, ఒక్కో బిళ్ళ వెనకే చిన్న బఫర్ ఆంప్లిఫైయర్ (సిగ్నల్‌ను పెంచకుండా, బలహీనపడకుండా ముందుకు పంపేది) పెట్టి యాక్టివ్ ఎలక్ట్రోడ్‌గా చేయండి. అది చేయలేకపోతే జెల్‌కు రండి.

వెండి పూత దారంతో నేసిన గుడ్డ ఎలక్ట్రోడ్లు స్లీవ్‌లలో, సాక్స్‌లలో హాయిగా ఇమిడిపోతాయి. తొడుక్కున్న మొదటి కొన్ని నిమిషాలు చర్మం పొడిగా ఉంటుంది కాబట్టి సిగ్నల్ పేలవంగా వస్తుంది. చెమట పట్టాక మెరుగవుతుంది. మరీ తడిస్తే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య చెమటే వంతెన కట్టి సిగ్నల్‌ను చిన్నది చేస్తుంది. ఒకే మనిషికి పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత వస్తాయి. ఎంత గట్టిగా బిగిసింది అన్న ప్రశ్నకు గుడ్డ ఎలక్ట్రోడ్లను నేను సిఫార్సు చేయను. ఎప్పుడు బిగిసింది అన్నదానికి వాడుకోవచ్చు.

రకం ఏదైనా, ఎక్కడ పెడతారన్నది అంతే ముఖ్యం. చర్మం మీది ఈఎంజీకి ఒకే పద్ధతి తేవాలని యూరప్‌లో 1990ల చివర్లో సాగిన సెనియమ్ ప్రాజెక్టు రెండు ఎలక్ట్రోడ్ల కేంద్రాల మధ్య 20 మిల్లీమీటర్ల దూరాన్ని సూచించింది. నారల దిశలో ఎలక్ట్రోడ్ పొడవు 10 మిల్లీమీటర్లు దాటొద్దంది. రెండూ నారల వెంటే ఉండాలి, స్నాయువు దగ్గరకు, కండరం అంచుకు పోకూడదు. దూరం పెరిగితే పక్క కండరం మాటలు కూడా వినిపిస్తాయి. దీన్ని డిజైన్‌లోనే బిగించేయడం మంచిది. బోర్డు అడుగునే 20 మిల్లీమీటర్ల దూరంలో రెండు స్నాప్ బటన్లు పెడితే, వాడేవాళ్ళు కొలిచి అతికించాల్సిన పని ఉండదు, ఊగే వైరు కూడా ఉండదు. వైరు ఊగడమే 20 హెర్ట్జ్ కింద వచ్చే చెత్తలో పెద్ద వాటా.

ఆంప్లిఫైయర్: మూడు దారులు

మొదటి దారి: రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను మాత్రమే పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫైయర్, దాని వెనక ఫిల్టర్లు, చివర మైక్రోకంట్రోలర్‌లోని ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెలుగా మార్చే భాగం). ఐఎన్ఏ 333 లాంటిది 50 మైక్రోఆంపియర్లతోనే నడుస్తుంది, బ్యాటరీకి భారం కాదు. ఇక్కడ కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సిగ్నల్ చిన్నది కదా అని మొదటి మెట్టులోనే వెయ్యి రెట్లు పెంచేస్తారు. ఎలక్ట్రోడ్ల మధ్య డీసీ తేడా 300 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చని పరికరం తయారు చేసేవాళ్ళు లెక్క వేసుకోవాలి. దాన్ని వెయ్యి రెట్లు చేస్తే 300 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల సప్లై మీద ఉన్న ఆంప్లిఫైయర్ గోడకు కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది. తెరమీద తిన్నని గీత కనిపిస్తుంది, ఎలక్ట్రోడ్ ఊడిందనుకుంటారు. మొదటి మెట్టులో 5 రెట్లు మించకుండా పెంచి, 20 హెర్ట్జ్ హై పాస్‌తో (అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) డీసీని తీసేసి, ఆ తర్వాత మిగతా 100 రెట్లు పెంచండి. మొత్తం 500 రెట్లయితే, 3.3 వోల్టుల 12 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు చర్మం దగ్గర 1.6 మైక్రోవోల్టులకు సమానం, అటూ ఇటూ 3.3 మిల్లీవోల్టుల దాకా చోటుంటుంది. అదే 1000 రెట్లు చేస్తే మెట్టు సన్నబడుతుంది కానీ 1.65 మిల్లీవోల్టులకే సిగ్నల్ తల తెగుతుంది, అంటే అంతకు మించిన శిఖరాలు నమోదు కావు. తొడ కండరాన్ని బలంగా బిగిస్తే దాన్ని దాటడం మామూలే.

రెండో దారి: ఈసీజీ కోసం చేసిన ఏడీ 8232 లాంటి చిప్‌ను ఈఎంజీకి మళ్ళించడం. 100 రెట్ల గెయిన్ (పెంపు), 300 మిల్లీవోల్టుల డీసీని తట్టుకునే ఏర్పాటు, 170 మైక్రోఆంపియర్ల ఖర్చు, అన్నీ ఒకే చోట. ఒక ఛానెల్‌కు, నేర్చుకోవడానికి ఇది చక్కని దారి. జాగ్రత్త మాత్రం ఉండాలి. దీనితో వచ్చే రెడీమేడ్ బోర్డులు గుండె కోసం అమర్చినవి, పైనుండే ఫిల్టర్ 40 హెర్ట్జ్ దగ్గరే కోస్తుంది. అంటే ఈఎంజీలో బలమైన భాగమంతా పోయి, కదలిక వల్ల వచ్చే చెత్త మాత్రం మిగులుతుంది. కెపాసిటర్లు, రెసిస్టర్లు మార్చకుండా ఆ బోర్డును అలాగే వాడితే వచ్చేది ఈఎంజీ కాదు.

మూడో దారి: ఆంప్లిఫైయర్, ఏడీసీ, అన్నీ కలిసిన ఏడీఎస్ 1292, ఏడీఎస్ 1298 లాంటి 24 బిట్ల చిప్‌లు. మొదటిదానికి 2 ఛానెళ్ళు, రెండోదానికి 8. అన్ని ఛానెళ్ళనూ ఒకే క్షణంలో శాంపిల్ చేస్తాయి, ఎలక్ట్రోడ్ ఊడితే చెబుతాయి, శరీరాన్ని స్థిరంగా ఉంచే రిఫరెన్స్ డ్రైవ్ లోపలే ఉంటుంది. గెయిన్ 6 పెడితే అటూ ఇటూ 400 మిల్లీవోల్టుల చోటు ఉంటుంది కాబట్టి డీసీని తీసేయకుండా అలాగే తీసుకుని, ఫిల్టరింగ్ అంతా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. నాకు ఈ దారి ఎందుకిష్టమంటే, ఫిల్టర్ విషయంలో పొరపాటు జరిగినా రికార్డింగ్ పాడవదు. ముడి డేటా ఉంటుంది, మళ్ళీ చేసుకోవచ్చు.

24 బిట్లు అన్న మాట చూసి మాత్రం మురిసిపోకండి. గెయిన్ 6 దగ్గర ఒక్క బిట్ విలువ 0.05 మైక్రోవోల్ట్ కూడా ఉండదు, చిప్ సొంత నాయిస్ కొన్ని మైక్రోవోల్టులు. కింది బిట్లన్నీ నాయిస్‌నే లెక్కపెడుతుంటాయి. ఆ బిట్ల అసలు ఉపయోగం పెద్ద డీసీనీ చిన్న సిగ్నల్‌నూ ఒకే గిన్నెలో పట్టడం. ఇదే కుటుంబంలో మెదడు తరంగాల కోసం చేసిన ఏడీఎస్ 1299 ఉంది. నాయిస్ ఇంకా తక్కువ, కానీ ఛానెల్‌కు 5 మిల్లీవాట్లు తింటుంది, 1298 అయితే 0.75 చాలు. కండరానికి ఆ నిశ్శబ్దం అక్కర్లేదు. చర్మం నుంచి వచ్చే నాయిస్ దాన్ని ఎలాగూ ముంచేస్తుంది.

ఒకటి రెండు ఛానెళ్ళు, చేతితో సోల్డరింగ్ చేసుకునే పని అయితే మొదటి రెండు దారులు. నాలుగు ఛానెళ్ళు దాటితే మూడోది తప్ప వేరే ఆలోచన వద్దు. నాలుగు ఛానెళ్ళకు విడివిడిగా ఫిల్టర్లు పెడితే, కెపాసిటర్ల తేడా వల్ల ఏ రెండు ఛానెళ్ళూ ఒకేలా ప్రవర్తించవు, కండరాలను పోల్చడం కష్టమవుతుంది.

కార్డులో దాచాలా, గాలిలో పంపాలా?

లెక్క వేసి చూద్దాం. 8 ఛానెళ్ళు, సెకనుకు 2000 శాంపిళ్ళు, ఒక్కోటి 3 బైట్లు. సెకనుకు 48,000 బైట్లు, అంటే 384 కిలోబిట్లు. ఇరవై నాలుగు గంటలకు 4 గిగాబైట్ల పైమాటే. కొత్త బ్లూటూత్ లో ఎనర్జీ దీన్ని మోయగలదు, ఫోన్ దగ్గర ఉండి, మధ్యలో శరీరం అడ్డు రాకపోతే. ఒళ్ళు నీటితో నిండిన గోడ లాంటిది. ఫోన్ ముందు జేబులో, పరికరం నడుము వెనక ఉంటే ప్యాకెట్లు పోతూనే ఉంటాయి. 4 ఛానెళ్ళు, సెకనుకు 1000, 2 బైట్లు అయితే 64 కిలోబిట్లే. ఇది హాయిగా వెళ్ళిపోతుంది.

ఎస్‌డీ కార్డు ఏ డేటానూ వదలదు, అయితే దానికి దాని మర్యాద ఇవ్వాలి. రాస్తూ రాస్తూ కార్డు మధ్యలో తన పని తాను చూసుకోవడానికి 250 మిల్లీసెకన్ల దాకా ఆగిపోవచ్చు. పై లెక్కలో ఆ కాస్త సేపట్లోనే 12,000 బైట్లు వచ్చి పడతాయి. మెమరీలో దానికి రెట్టింపు బఫర్ లేకపోతే ఆ ముక్క పోయినట్టే, పోయిందని మీకు తెలియకపోవచ్చు కూడా. ప్రతి బ్లాకుకూ వరుస నంబరు వేయండి. నా సలహా రెండూ పెట్టమనే: పూర్తి డేటా కార్డులోకి, అతికించినప్పుడు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడానికి మాత్రం పలచబరిచిన సిగ్నల్ బ్లూటూత్‌లో.

వైఫై మాత్రం వద్దు. ప్రసారం చేసే క్షణంలో కరెంటు 200 మిల్లీఆంపియర్లు దాటిపోవచ్చు. ఒకసారి నా రికార్డింగ్‌లలో క్రమం తప్పకుండా చిన్న చిన్న ముళ్ళు కనిపిస్తే, కండరం అదురుతోందేమోనని వారం రోజులు వెతికాను. అవి వైఫై ప్యాకెట్లు. ప్రతి ప్రసారానికీ సప్లై వోల్టేజ్ కుంగి, ఆ కుంగుడు ఆంప్లిఫైయర్‌లోకి ఎక్కింది.

ఒకే పెట్టెనా, విడి ముక్కలా?

నడుముకు ఒక పెట్టె కట్టి, అక్కడి నుంచి కాళ్ళకు వైర్లు లాగితే అన్ని ఛానెళ్ళకూ ఒకే గడియారం. ఒక్కో కండరం మీద ఒక్కో చిన్న వైర్‌లెస్ ముక్క పెడితే ఊగే వైర్లు ఉండవు, మనిషి హాయిగా కదులుతాడు. రెండోదే అందంగా కనిపిస్తుంది, కానీ గడియారాల సంగతి చూడండి. గడియారాన్ని నడిపే మామూలు క్రిస్టల్‌లో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉండవచ్చు. రెండు ముక్కలు చెరో వైపు తప్పితే 40 పీపీఎం. సెకనుకు 40 మైక్రోసెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. గంటకు అది 144 మిల్లీసెకన్లు. కండరంలో విద్యుత్తు మొదలై బలం పుట్టడానికి పట్టే సమయమే పదుల మిల్లీసెకన్లు. గంట నడిచాక పిక్క ముందా, తొడ ముందా అని చూస్తే తప్పు జవాబు వస్తుంది. విడి ముక్కలు ఎంచుకుంటే, ఒక ముక్క నుంచి ప్రతి కొన్ని సెకన్లకూ సమయ సంకేతం పంపి మిగతావి సరిచేసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. ఒక్క కండరాన్నే చూసేవాళ్ళకు ఈ తలనొప్పి లేదు.

బ్యాటరీ, భద్రత

150 మిల్లీఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, సగటున 10 మిల్లీఆంపియర్ల ఖర్చు: కాగితం మీద 15 గంటలు, నమ్మదగ్గవి 12. కార్డుకు రాయడం, రేడియో, ఈ రెండే ఎక్కువ తింటాయి. కార్డుకు తరచుగా కొంచెం కొంచెం కాకుండా పెద్ద ముక్కలుగా రాస్తే గంటలు పెరుగుతాయి.

భద్రత విషయంలో రాజీ పడకండి. ఒంటిమీద ఎలక్ట్రోడ్లు ఉండగా ఛార్జర్‌కు గానీ, మెయిన్స్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో గానీ కలపకూడదు. "కలపకండి" అని కాగితం మీద రాస్తే చాలదు. ఛార్జింగ్ సాకెట్‌ను ఎలక్ట్రోడ్ల కనెక్టర్ ఉన్నచోటే పెట్టి, ఒకటి తీస్తేనే ఇంకోటి పట్టేలా చేయండి. ప్రతి ఎలక్ట్రోడ్ దారిలో ఒక రెసిస్టర్ కూడా ఉండాలి. వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ఐఈసీ 60601-1 ప్రమాణం ప్రకారం బీఎఫ్ రకం (ఒంటికి తగిలే భాగాన్ని విద్యుత్తుపరంగా వేరుగా ఉంచే) పరికరంలో ఒక లోపం వచ్చినా రోగి ఒంట్లోకి పోయే డీసీ 50 మైక్రోఆంపియర్లు మించకూడదు. చిప్ చెడిపోయి బ్యాటరీ 4.2 వోల్టులూ నేరుగా ఎలక్ట్రోడ్ మీదికి వచ్చినా, 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ కరెంటును 42 మైక్రోఆంపియర్ల దగ్గర ఆపుతుంది. దాని వల్ల నాయిస్ ఒక మైక్రోవోల్ట్ లోపు పెరుగుతుంది. ఇవ్వదగ్గ మూల్యమే. రోగుల మీద వాడే ఈఎంజీ పరికరాలకు విడిగా ఐఈసీ 60601-2-40 కూడా ఉంది.

బోర్డు చేతికొచ్చాక ఎంపికలు సరైనవో కాదో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ముందు ఇన్‌పుట్లు రెండూ కలిపేసి నాయిస్ చూడండి. కొన్ని మైక్రోవోల్టులు మించితే తప్పు బోర్డులోనే ఉంది. తర్వాత ఒంటికి పెట్టి, కండరాన్ని పూర్తిగా వదులు చేసి చూడండి. ఇప్పుడు హమ్ పెరిగితే అది చర్మం దగ్గరి తప్పు, తుడిచి మళ్ళీ పెట్టాలి. మూడోది, శక్తికొద్దీ బిగించి తలలు తెగుతున్నాయేమో చూడండి. తెగితే గెయిన్ తగ్గించండి. చివరిగా, కండరం వదులుగా ఉండగానే వైరును వేలితో తట్టండి. గీత ఎగిరితే వైరును టేపుతో ఒంటికి అంటించి మళ్ళీ తట్టండి. ఇంకా ఎగిరితే బఫర్ ఆంప్లిఫైయర్‌ను ఎలక్ట్రోడ్ మీదికే తీసుకెళ్ళండి. చిప్ మార్చడం గురించి ఆలోచించేది ఆ తర్వాతే.